అలియాస్

బీజాపూర్‌లో మావోయిస్టుల లొంగుబాటు వార్తలు చదివే తెలుగువారికి ఈ మాట బాగా తెలుసు: అసలు పేరు, పక్కన ‘అలియాస్’, ఆపైన దళంలో పెట్టుకున్న పేరు. లాటిన్‌లో ‘అలియాస్’ అంటే ‘మరోలా, మరోసారి’. దాని మూలం ‘అలియుస్’, అంటే ‘ఇతరం’. మన కాగితాల్లో అదే అర్థంతో కనిపించే ‘ఉరఫ్’ అరబ్బీది. దాని ధాతువుకు ‘ఎరగడం’ అని అర్థం.

ప్రోగ్రాముల కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లోనూ అలియాస్ ఉంది. ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ అలియాస్.ఎస్‌టీ స్టేటస్’ అని ఒక్కసారి కొట్టి పెట్టుకుంటే, ఆ తర్వాత ‘గిట్ ఎస్‌టీ’ చాలు. మారిన ఫైళ్ల పేర్లు తెర మీదికొస్తాయి. ‘గిట్ స్టేటస్’ కూడా మామూలుగానే పనిచేస్తుంది. ముద్దుపేరుతో పిలిచినంత మాత్రాన బారసాల నాటి పేరు చెరిగిపోదు కదా!