జీతము, జీవితము: ఉస్మాన్‌గంజ్ బస్తాల లెక్క

తరగతి గదిలో "జీవితము ప్రకృతి, జీతము వికృతి" అని పిల్లలచేత వల్లె వేయించేవాణ్ణి. ఆ రెంటి నడుమనున్న బంధం ఉస్మాన్‌గంజ్‌లో హమాలీలను చూశాక గాని నాకు బోధపడలేదు.

ఏడవ నిజాం పేర వెలసిన ఈ టోకు బజారు అఫ్జల్‌గంజ్‌కు ఆనుకొని ఉన్నది. హమాలీ మాటకు మూలం అరబ్బీ ‘హమ్మాల్’. బరువు మోసేవాడని అర్థం.

బ్రిటిషిండియాలో 1936లో వేతన చెల్లింపు చట్టం వచ్చింది. వేయిమందికి లోపు పనివారున్నచోట గడువు దాటిన 7వ రోజులోగా, అంతకు మించితే 10వ రోజులోగా జీతం ముట్టాలన్నది దాని నియమం. మొదట అది కర్మాగారాలకు, రైల్వేలకే పరిమితం. నిజాం రాజ్యానికి వర్తించలేదు. అదే యేడు ఇక్కడ వచ్చింది భగేలా ఒప్పందాల నిబంధన. అక్కడి ప్రశ్న జీతం ఏనాడు ఇవ్వాలని. ఇక్కడిది అప్పుకింద తరగని చాకిరీని గురించి.

విలీనానంతరం దేశ చట్టాలు ఇక్కడికీ వచ్చాయి. అయినా హమాలీ పొద్దున ఒక కొట్టులో, మధ్యాహ్నం మరొక కొట్టులో మోస్తాడు; కూలి బస్తా లెక్కన. అతని యజమాని ఎవరు? వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, క్రియ ఉన్నది, కర్మ ఉన్నది, కర్త మాత్రం లేడు. ఆ లోటును గుర్తించే 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముఠా, జట్టు, హమాలీల పేరనే ఒక చట్టం చేసింది.

2025 నవంబరు 21న అమలైన వేతన స్మృతి 1936 చట్టం స్థానంలో నిలిచింది. దినకూలీకి పని ముగియగానే కూలి ముట్టాలన్నది అందులోని మాట. గడువు స్పష్టమే. ఇవ్వవలసిన కర్త కూడా చిట్టాకెక్కిననాడే జీతము జీవితమౌతుంది.