తాటిచెట్టు పైనుంచి పడ్డారా? ఆపరేషన్ తర్వాతే అసలు పని!

రామన్నపేట లాంటి కల్లుగీత ప్రాంతాల్లో మోకు జారి గీత కార్మికులు పడిపోవడం కొత్తేం కాదు. 2024 జులైలో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' కిట్లు మొదలుపెట్టింది అందుకే. మరి ఇప్పటికే పడి, వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన వాళ్ల సంగతేంటి?

ఆపరేషన్ విరిగిన ఎముకను నిలబెడుతుంది. వెన్నుపామును మళ్లీ మామూలుగా చేయలేదు. అందుకే ఇంటికొచ్చాక చేసేదే కీలకం.

ముందు చూడాల్సింది మూత్రం. సంచి నిండినా తెలియదు, పూర్తిగా బయటికి రాదు. అలాగే వదిలేస్తే కిడ్నీలకే ముప్పు. డాక్టర్ చెప్పినట్టు 4 నుంచి 6 గంటలకోసారి శుభ్రమైన పైపుతో తీసేయాలి. చేతులు బాగుంటే పేషెంటే నేర్చుకోవచ్చు, ఇందులో సిగ్గుపడేదేం లేదు.

ఇక పుండ్లు. స్పర్శ ఉండదు కాబట్టి ఒరుసుకున్నా, కాలినా తెలియదు. మంచం మీదుంటే 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. వీల్‌చైర్‌లో అయితే మధ్యమధ్యలో చేతులు ఆనించి పైకి లేవాలి. పిరుదులు, మడమలు రోజూ చూసుకోవాలి.

మెడ, ఛాతీ పైభాగంలో దెబ్బ తగిలిన వాళ్లకు ఒక్కసారిగా తీవ్రమైన తలనొప్పి, ముఖం మీద చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగి ఉండొచ్చు. వెంటనే కూర్చోబెట్టి, మూత్రం నిండిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఫిజియోథెరపీ అంటే కాళ్లకే అనుకుంటారు. మంచం నుంచి కుర్చీలోకి మారేది చేతుల బలంతోనే! 2023లో రూ.4,016కు పెరిగిన దివ్యాంగుల పింఛన్ కావాలంటే వైకల్య సర్టిఫికెట్ తప్పనిసరి.