హాన్ సూయ్ సెన్
హాన్ సూయ్ సెన్ (1916–1983) సింగపూర్ ఉన్నతాధికారి, రాజకీయవేత్త. ఆ నగర రాజ్యపు ఆర్థికాభివృద్ధి మండలికి తొలి అధ్యక్షుడు. పెనాంగ్‌లో జన్మించి, సింగపూర్‌లోని రాఫెల్స్ కళాశాలలో చదివి, వలస ప్రభుత్వ సివిల్ సర్వీసులో చేరారు.

ఆల్బర్ట్ విన్సెమియస్ నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి బృందం పారిశ్రామికీకరణకు సిఫారసు చేయగా, 1961 ఆగస్టులో ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ ఈ మండలిని నెలకొల్పారు. ప్రారంభ నిధి 10 కోట్ల డాలర్లు. విదేశీ పెట్టుబడులను రప్పించడం, స్థలాలు సిద్ధం చేయడం, పరిశ్రమలకు అప్పులివ్వడం ఒకే సంస్థ చేతిలో ఉండటం దీని ప్రత్యేకత. పడమటి తీరాన జురాంగ్ చిత్తడి నేలలను పూడ్చి, రోడ్లు, రేవు, విద్యుత్తు సమకూర్చి పారిశ్రామిక వాడగా మలిచారు. తొలి ఏళ్లలో అక్కడికి వచ్చిన కర్మాగారాలు కొద్దే. 1965లో సింగపూర్ మలేషియా నుంచి విడిపోవడంతో ఆ దేశంతో ఉమ్మడి మార్కెట్ ఆశ పోయి, ఎగుమతి పరిశ్రమలే ప్రధాన లక్ష్యమయ్యాయి.

1968లో స్థలాల బాధ్యత జురాంగ్ టౌన్ కార్పొరేషన్‌కు, రుణాల బాధ్యత డెవలప్‌మెంట్ బ్యాంక్ ఆఫ్ సింగపూర్‌కు మారాయి. ఆ బ్యాంకుకూ తొలి అధ్యక్షుడు హానే. 1970లో పార్లమెంటు సభ్యుడై, ఆర్థికమంత్రిగా నియమితులై, 1983 అక్టోబరులో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగారు.