నర్సు ముఖముపై గుడ్డ

వరద దినములలో గోదావరి నీటిని గుడ్డతో వడకట్టుకొనుట కోనసీమవారు ఎరిగినదే. ఆకులు, నలుసులు నిలుచును, సూక్ష్మజీవులు దిగిపోవును. నర్సు మూతికి కట్టు గుడ్డకును ఇదే చిక్కు.

మాటలాడునపుడు తుంపరలతో సూక్ష్మజీవులు వెలువడునని నాటి జర్మనీలోని బ్రెస్లావు నగరమున ఫ్లూగ్గె చూపెను. ఆ నగరపు శస్త్రవైద్యుడే మికులిచ్ 1897లో ఒంటిపొర గుడ్డను మూతికి కట్టెను. అది రోగి రక్షణకు మాత్రమే! కట్టుకొన్నవారిని కాపాడవలెనను తలంపు 1910-11లో మంచూరియా ఊపిరితిత్తుల ప్లేగుతో బలపడెను. పినాంగులో జన్మించిన డాక్టరు వూ లియెన్-తే, దూది పొదిగిన గుడ్డ కట్టుకొనుడని వైద్యులను, పరిచారకులను కోరెను. మెనీ అను ఫ్రెంచి వైద్యుడు సరకుసేయలేదు. 1911 జనవరిలో ప్లేగుతోనే మరణించెను. షికాగోలో వీవరు 1918 ప్రాంతమున డిఫ్తీరియా నర్సులకు గుడ్డ కట్టించి, చిక్కని నేత, ఎక్కువ పొరలు మేలని తెలిపెను.

నేటి ఎన్-95 జల్లెడ మాత్రమే కాదు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగునట్లు, దాని పోగులలోని విద్యుదావేశము కణములను లాగును. సుమారు 0.3 మైక్రాన్ల కణములలో నూటికి 95 అయినను ఆగును. కాని చెంప ప్రక్క సందున్నచో గాలి ఆ దారినే పోవును!

కావున 2020లో కరోనా వార్డులకు పోవు నర్సులకు ఈ పరీక్ష ప్రాణముతో సమానమైనది: రెండు చేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదవలెను. కన్నులకు గాలి తగిలిన, ముక్కుపై రేకును మరల నొక్కవలెను. తీయునపుడు ముందుభాగమును తాకరాదు. క్రింది పట్టీ మొదట, పై పట్టీ తరువాత.