విశాఖ రాతపెట్టెకి మన నకలు

అత్తిబెలెలో మన సంఘం గదికి పాతకాలపు విశాఖపట్నం రాతపెట్టెకి చేత్తో ఒక నకలు చేయిద్దామనుకున్నాం కదా. "దొరల సామాను మనకెందుకండీ?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్నంలో 1682లో వర్తక స్థావరం పెట్టింది. వాళ్లు వచ్చింది బట్టల కోసం. కానీ కూర్చోడానికి కుర్చీ కావాలి, కాగితాలు దాచడానికి తాళం పడే పెట్టె కావాలి. దొర తన సామాను నమూనాగా చూపిస్తే మన కంసాలులు అలాంటిదే చేసిచ్చేవారు. 1756లో ఆ ఊరు చూసిన కార్నెల్ అనే సైనికాధికారి అద్దకం బట్టలతో పాటు ఈ దంతపు పొదుగుడు పనికీ దానికి పేరుందని రాశాడు. ఆకారం లండన్‌ది. అంచుల వెంట పాకే తీగలు, పూలు మాత్రం మన తీరపు అద్దకం బట్టల మీదవి. అంటే అసలు పెట్టే సగం నకలన్నమాట!

పని రెండు రకాలు. మొదట్లో నల్లచెక్కలో గాడి తవ్వి దంతం ముక్కలు పొదిగేవారు. తర్వాత చెక్క కనపడకుండా పైనంతా దంతపు పలకలు అతికించడం వచ్చింది. ఏదైనా దంతం మీద సన్నగా గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి, పైకి వచ్చింది గీకేసేవారు. సిరాతో వేసిన బొమ్మలా కనిపిస్తుంది.

మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ పోయాక, 1781లో ఆయన సామాను వేలం వేశారు. మూడో జార్జి రాజు అందులో దంతపు కుర్చీలు కొని షార్లెట్ రాణికిచ్చాడు. ఇప్పటికీ ఆ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. ఎవరి ఇంట్లోవో తెలుసు, ఎవరు కొన్నారో తెలుసు, ఏ ఏడాదో తెలుసు. చేసినవాడి పేరుండాల్సిన చోట మాత్రం ఊరి పేరుంటుంది. నాకు కష్టమనిపించేది అదే.

ఇక మన పెట్టె. ఏనుగుదంతం మాటే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా ఆగింది. మంచిదే అయింది. బన్నేరుఘట్ట అడవి ఏనుగులు ఆనేకల్ వైపు రాగి చేలల్లోకి వస్తే మనం తిట్టుకుంటాం గానీ, అవి ఉన్నాయి కదా.

ఎముక వాడదామని ఒకరన్నారు. ఎముక గోడ పలచన, వెడల్పు పలక రాదు. దానికి సన్నని రంధ్రాలుంటాయి, లక్క వాటిలోకి దిగి నల్లచుక్కలు పడతాయి. పైగా సంఘం గదిలో ఎముకేంటని కొందరి అభ్యంతరం. ప్లాస్టిక్ రేకు అంటే నేనే ఒప్పుకోను.

నా ఓటు అంకుడు కర్రకి. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది దానితోనే, ఆ ఊరు పాత విశాఖ జిల్లాలోదే. మన దగ్గర చన్నపట్టణ బొమ్మలకి వాడే హాలె మర కూడా అదే చెట్టు! తెల్లటి, నున్నటి కర్ర. ఇంగ్లీషులో దాన్ని దంతపు చెక్క అనే అంటారు. అందుకని పలకలు అతికించే పద్ధతి వదిలి పాత పొదుగుడు పద్ధతికే వెళ్దాం. పెట్టెకి పాత ఇంటి దూలాల నుంచి తీసిన బీటె చెక్క. ముక్కని గాడి లోతుకంటే కొంచెం మందంగా కోసి, జిగురుతో దించి, ఆరాక చిత్రిక పట్టి సమం చేయాలి. లక్క నింపే ముందు తెల్లకర్రకి పల్చగా ఒక పూత పాలిష్ పడాలి, లేకపోతే నలుపు పక్కలకి పాకుతుంది. వడ్రంగి ముందు రెండు చిన్న ముక్కల మీద చేసి చూపిస్తానన్నాడు. తొందరపెట్టకండి.

మూత లోపలివైపు ఆయన పేరు, ఊరు చెక్కమన్నాను. "సంఘం పేరు చాలు కదా సార్" అన్నాడు. కమిటీలో ఇద్దరిదీ అదే మాట. నేను ఒప్పుకోలేదు. ఈ ఆదివారం మీటింగులో మీరూ చెప్పండి, చెక్క కోయకముందే తేలిపోవాలి.