ఖాళీ అయిందని చెప్పే తుపాకి

1942 మార్చి 23న జపాన్ దళాలు అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. గూర్ఖా దండును బ్రిటిష్ వాళ్లు అంతకు రెండు వారాల ముందే తరలించేశారు కాబట్టి దీవులు యుద్ధం లేకుండానే చేతులు మారాయి. వచ్చిన జపాన్ సైన్యానిది అరిసాకా రైఫిలు, వెళ్లిన బ్రిటిష్ సైన్యానిది లీ-ఎన్‌ఫీల్డ్. రెండూ బోల్టును చేత్తో లాగి తూటా ఎక్కించేవే. తేడా ఆఖరి తూటా అయిపోయాక బయటపడుతుంది.

అరిసాకా బోల్టును వెనక్కి లాగి మళ్లీ ముందుకు తోస్తే కదలదు. లోపల ఏమీ లేదని చేతికే తెలిసిపోతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు ఖాళీ మ్యాగజైన్ మీద కూడా హాయిగా మూసుకుంటుంది. పది తూటాలనూ లెక్కపెట్టుకోని సిపాయికి ట్రిగ్గరు నొక్కి, పేలకపోయాక గాని సంగతి తెలియదు. ఎదుట శత్రువు ఉన్నప్పుడు ఆ తేడా ప్రాణాల మీదికొస్తుంది.

ఖాళీ అయినప్పుడు బోల్టును ఆపే ఈ ఏర్పాటు జర్మనీకి చెందిన పాల్ మౌజర్ తుపాకుల్లో స్థిరపడింది. మ్యాగజైన్‌లో తూటాలను పైకి నెట్టే ఇనుప పలక ఒకటుంటుంది, దాని కింద స్ప్రింగు. తూటాలున్నంతసేపూ పలక కిందే అణిగి ఉంటుంది. ఆఖరిది వెళ్లగానే పైకి లేస్తుంది, నిటారుగా కోసిన దాని వెనక అంచు బోల్టు దారికి అడ్డం పడుతుంది. వేరే మీట లేదు, కొక్కెం లేదు. పలక ఆకారమే పని చేస్తుంది! 1896లో వచ్చిన మౌజర్ పిస్తోలులోనూ ఇదే పద్ధతి. 1898 నాటి జర్మన్ సైనిక రైఫిలులో కూడా ఉంది. జపాన్ 1905లో తెచ్చిన టైప్ 38 అరిసాకా మౌజర్ దారిలోనే నడిచింది.

తర్వాత వచ్చిన తుపాకుల్లో కాల్చిన ప్రతిసారీ బోల్టు దానంతటదే వెనక్కి వెళ్లి వస్తుంది. వీటిలో చాలావాటికి చిన్న మీట పెట్టారు. ఖాళీ మ్యాగజైన్ పలక ఆ మీటను ఎత్తుతుంది, మీట బోల్టును వెనకే పట్టి ఉంచుతుంది. భాగాలు పెరిగిన కొద్దీ లోపం రావడానికి చోట్లూ పెరిగాయి.

బోల్టు వెనక ఆగడం లేదంటే ముందు అనుమానించాల్సింది మ్యాగజైన్‌ను. ఒక మ్యాగజైన్‌తో ఆగక, మరోదానితో ఆగితే లోపం మొదటిదానిదే: స్ప్రింగు నీరసించి ఉంటుంది, లేదా పలక ఒరిగి ఉంటుంది. ఏ మ్యాగజైన్‌తోనూ ఆగకపోతే మీటనూ దాని స్ప్రింగునూ చూడాలి. తూటా లేదని నిర్ధారించుకుని, ఖాళీ మ్యాగజైన్ పెట్టి చేత్తో లాగితే ఆగి, కాల్చినప్పుడు మాత్రం ఆగకపోతే బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్లడం లేదన్నమాట. బోల్టును వెనక్కి నెట్టే గ్యాస్ చాలడం లేదేమో చూడాలి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడి, ఉప్పుగాలి వీచే అండమాన్ లాంటి చోట స్ప్రింగుకు తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం అక్కర్లేదు. అక్కడ తుడిచి నూనె పట్టించడం రోజువారీ పనిగానే ఉండాలి.

కొన్నిసార్లు బోల్టు ఆగకపోవడం లోపమే కాదు. బ్రిటన్ 1954లో బెల్జియం ఫాల్ రైఫిలును ఎంచుకుని ఎల్1ఎ1గా మార్చుకున్నప్పుడు, ఆఖరి తూటా తర్వాత బోల్టును దానంతటదే ఆపే ఏర్పాటును తీసేసింది. మీటను మాత్రం ఉంచింది, దాన్ని చేత్తోనే ఎత్తాలి. మౌజర్ వేట తుపాకుల్లోనైతే ఖాళీగా ఉన్నా బోల్టు మూసుకునేలా కొందరు పలక వెనక అంచును ఏటవాలుగా అరగదీస్తారు. అలాంటి తుపాకి చేతికొస్తే స్ప్రింగు మార్చే ముందు ఆ అంచును ఒకసారి చూడాలి.