నాలుగో తరగతికే సెలెక్షన్: హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ కథ

హకీంపేట అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. కౌకూర్, బొల్లారం వైపు ఉండేవాళ్ళకి శిక్షణ విమానాల మోత అలవాటే. అక్కడికి దగ్గర్లోనే, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి పక్కన ఒక బడి ఉంది. 1993లో ఆంధ్రప్రదేశ్ స్పోర్ట్స్ స్కూల్‌గా మొదలైంది, 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణది అయింది. హైటెక్ సిటీ కంటే పెద్దది వయసులో. సైబర్ టవర్స్ వచ్చింది 1998లో కదా!

అసలు ఆటలకి బడేంటి అనిపించొచ్చు. మన దగ్గర ఆటలు పెరిగింది కంటోన్మెంటుల్లో, పోలీసు లైన్లలో, బడి మైదానాల్లో. భారత ఫుట్‌బాల్ జట్టుని 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాల దాకా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఎవరనుకున్నారు? హైదరాబాద్ బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. కానీ అదంతా ఒక మనిషి పట్టుదల మీద నడిచిన బండి. 1963లో ఆయన పోయాక ఆ స్థాయి మళ్ళీ రాలేదు.

మనుషుల మీద ఆధారపడకుండా ఒక పద్ధతిగా చేద్దామన్న ఆలోచన సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీల్లో బలంగా ఉండేది. పిల్లల్ని చిన్నప్పుడే వెతికి పట్టుకో, చదువూ ఆటా ఒకే చోట పెట్టు - ఇదీ లెక్క. మన దేశంలో 1982 ఢిల్లీ ఏషియాడ్ తర్వాత, 1984లో స్పోర్ట్స్ అథారిటీ పుట్టాక, ఈ దారి ఊపందుకుంది. హకీంపేట ఆ దారిలో మన రాష్ట్రం వేసిన అడుగు.

ఇక్కడ చేర్చుకునేది నాలుగో తరగతిలో. అంటే ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు! మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు మెట్లు. పరీక్షలు కూడా వేరే రకం - ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వగైరా. ఇంగ్లీషు రాకపోయినా, ట్యూషన్‌కి డబ్బుల్లేకపోయినా నెగ్గగలిగే ఎంట్రన్స్ ఇది. మన ఎంసెట్ గురించి ఈ మాట అనగలమా?

చేరాక తెల్లారుజామునే ప్రాక్టీసు, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్ళీ మైదానం. ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ ఉంటారు. వెయిట్‌లిఫ్టింగ్, జిమ్నాస్టిక్స్, అథ్లెటిక్స్, హ్యాండ్‌బాల్.. టీవీలో పెద్దగా కనపడని ఆటలే ఎక్కువ. అయితే పదో తరగతి పరీక్ష మాత్రం అందరికీ ఒకటే.

ఈ బడి విలువ ఒక్క పేరుతో చెప్పాలంటే రాగాల వెంకట రాహుల్. ఊరు బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వాళ్ళని తెచ్చిపెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్‌మెంట్ అది. చట్టం 1952కల్లా పోయింది, ఊరి పేరు మీద పడ్డ మచ్చని మాత్రం మన సినిమాలూ పేపర్లూ దశాబ్దాలపాటు మోశాయి. ఆ ఊరి కుర్రాడు హకీంపేటలో బరువులెత్తి, 2014 నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెండి పతకం, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి బంగారం తెచ్చాడు. ఊరి పేరు మళ్ళీ పేపర్లోకొచ్చింది, ఈసారి వేరే కారణంతో.

ఇక్కడితో ఆపేస్తే కథ బావుంటుంది కానీ అసలు ప్రశ్న మిగిలిపోతుంది. రాహుల్ ఒక్కడు. ఆ బ్యాచుల్లో మిగతావాళ్ళ సంగతి? పదిహేనేళ్ళకి మోకాలు దెబ్బతింటే, అనుకున్నంత ఎత్తు పెరగకపోతే? తొమ్మిదేళ్ళప్పుడు తీసిన కొలతలు ఇరవై ఏళ్ళప్పటి ఆటగాణ్ణి కచ్చితంగా చెప్పలేవు. ఇది స్కూలు తప్పు కాదు, ఒళ్ళు పెరిగే తీరే అంత. అందుకే ఇలాంటి బడిని పతకాల సంఖ్యతో కొలవడం నాకు నచ్చదు. పతకం రానివాడు బయటికొచ్చేటప్పుడు చేతిలో ఏ చదువుంది, ఏ పని చేసుకోగలడు అన్నది కూడా లెక్కలోకి రావాలి.

2002 నేషనల్ గేమ్స్ కోసం హైదరాబాద్‌లో స్టేడియాలు కట్టాం, 2003లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిపాం. స్టేడియం కడితే శిలాఫలకం మీద పేరుంటుంది. పిల్లల్ని తయారుచెయ్యడానికి మాత్రం పదేళ్ళు పడుతుంది, అప్పటికి ప్రభుత్వం మారిపోతుంది. అదేనేమో చిక్కు.

ఇంకోటి. హాస్టల్లో పెట్టి పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే లక్ష్యం మీద రుద్దడం మనకి కొత్తేం కాదు. మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీలు చేసిందీ అదే, మైదానం లేకుండా! వాటిల్లోనూ ర్యాంకు రానివాళ్ళే ఎక్కువ. వాళ్ళ గురించి ఏ హోర్డింగూ ఉండదు. రెండిటిలో పిల్లలకి ఏది ఎక్కువ మిగిల్చిందో.. మీరేమంటారు?